మోటారా, చేతులా

మా చిన్నాన్నగారి అబ్బాయి ఆ మాట పదిమంది వింటుండగా అన్నాడు. విడిగా ఫోన్ చేసి చెప్పినా నేను మరచిపోయేవాణ్ణి కాదు, అది వేరే సంగతి. ఆదివారం రేసు అయ్యాక అందరం హెడ్‌ఫోన్లు తీయకుండా కాసేపు కబుర్లాడుకుంటాం. విశాఖ నుంచి ఒంగోలు దాకా ఎవరి ఇళ్లలో వాళ్లం కూర్చున్న ఆ సమయంలో వాడు తీరిగ్గా, "అన్నయ్యా, నీ మోటారు బానే ఉంది. నీ చేతుల్లోనే పస తగ్గింది" అన్నాడు. ముగ్గురు నవ్వారు. ఎవరెవరు నవ్వారో గొంతుల్ని బట్టి నాకు తెలుసు. ఈ రోజుకీ వాళ్లను దాటేటప్పుడు కొంచెం దగ్గరగా దాటుతాను.

సంగతి తెలియనివారి కోసం చెప్పాలి. నిడదవోలులో మా మేడ మీద గదిలో ఒక ఇనుప చట్రం ఉంది. దానికి పాత కారు సీటు, కాళ్ల దగ్గర పెడళ్లు, చేతులకు స్టీరింగు, ఎదురుగా పెద్ద తెర. తెర మీద రేసు ట్రాకు, ఇంటర్నెట్టులో కలిసిన మిగతావాళ్ల కార్లు. ఇదంతా చూసినవాళ్లు తెర వంకే చూస్తారు గానీ, అసలు ప్రాణం స్టీరింగు వెనక ఉండే నల్లటి డబ్బాలో ఉంటుంది. వీల్‌బేస్ అంటారు. అది ఒక మోటారు. పాత రకాల్లో మోటారుకీ స్టీరింగుకీ మధ్య బెల్టో పళ్ల చక్రాలో ఉండేవి. నాది డైరెక్ట్ డ్రైవ్, అంటే స్టీరింగును నేరుగా మోటారు ఇరుసుకే బిగిస్తారు. తెర మీది కారు టైరు రోడ్డు మీద ఏం చేస్తోందో అది నా చేతులకు వచ్చి చెబుతుంది. కాలవగట్టు మీద సైకిలు తొక్కుతూ గట్టి నేల నుంచి జారుడు మట్టిలోకి దిగితే హ్యాండిల్ చేతిలో తేలిపోతుంది చూడండి, అచ్చం అలాగే. కారు పట్టు తప్పబోతోందని కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది. ఆ తెలియడం కోసమే ఈ ఆట. అది లేకపోతే యాభై దాటిన లెక్కల లెక్చరరు సినిమా చూస్తూ చక్రం తిప్పుకోవడమే.

ఈ సామాను కొన్న రోజు నుంచీ ఎవరేమన్నారో నాకు వరసగా గుర్తుంది. దుకాణంలో ఆయన, పిల్లాడికా అండీ అని అడిగాడు. నాకే అన్నాను. "మంచిదండి" అన్నాడు. ఆ మంచిదండిలో మంచి ఏమీ లేదు. రాజమండ్రిలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో దీనికి ఉత్తుత్తి కారు అని పేరు పెట్టారు. మా బావమరిదిగారు ఒకసారి భోజనానికి వచ్చి, మేడ మీదికెక్కి, సీట్లో కూర్చుని స్టీరింగు అటూ ఇటూ తిప్పి, "హారనెక్కడ బావగారూ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపు దిగిపోయారు. హారనున్నది. చూపించేదాకా ఉండలేదు.

ఇన్ని మాటల మధ్య దాన్ని ఒక వస్తువుగా గౌరవించిన మనిషి మా అత్తగారు ఒక్కరే. ఆవిడది నరసాపురం. చేతిలో లేసు సూది లేకుండా ఆవిడ కూర్చోగా నేను చూడలేదు. సంక్రాంతి వెళ్లిన తరవాత మా ఇంటికి వచ్చి, మేడెక్కి, మోటారు చుట్టూ తిరిగి చూసి, ఇంత ఖరీదైనదాన్ని ఇలా వట్టిగా వదిలేశారేంటండీ అన్నారు. మర్నాడు టేపు తెచ్చి కొలతలు తీసుకున్నారు. పొడవు, వెడల్పు, ముందు ఇరుసు వచ్చేచోట గుండ్రంగా ఎంత, వెనక వైర్లు వచ్చేచోట ఎంత. నెల తిరక్కుండా కవరు వచ్చింది. పైన తెల్లటి నూలు లేసు, పూలూ తీగలూ. దుమ్ము దిగకుండా లోపల మందపాటి నీలం సాటిన్ అస్తరు. ముందు ఇరుసుకు కాజా, వెనక వైర్లకు కాజా. తొడిగితే దర్జీ కుట్టిన చొక్కాలా సరిపోయింది. ఆడేటప్పుడు కూడా తీయనక్కర్లేదు. మా ఇళ్లలో టీవీకీ, మిక్సీకీ, వాషింగ్ మెషీనుకీ, గ్యాసు సిలిండరుకీ కూడా కవరుంటుంది. నా మోటారుకు కవరొచ్చిందంటే అది ఇంటి సామాన్లలో ఒకటైందని అర్థం. నేను చాలా సంతోషించాను. నా సంతోషం ఆవిడకు చెప్పాను కూడా. అది నేను తరచుగా చేసే పని కాదు.

ఫాల్గుణం వెళ్లి చైత్రం వస్తుండగా మొదలైంది బాధ. మా ఆదివారం రేసు గంటసేపు ఉంటుంది. మొదటి సగం బానే ఉండేది. తరవాత స్టీరింగు మెల్లగా మొద్దుబారేది. మలుపులో బరువు తెలిసేది కాదు, ట్రాకు అంచు మీది గతుకులు ఎక్కడో పక్కవీధిలో రోడ్డు తవ్వుతున్నట్టు వినిపించేవి. ఏమీ తెలియక ఇంకా గట్టిగా పట్టుకునేవాణ్ణి. గట్టిగా పట్టుకున్నకొద్దీ ఇంకా తెలిసేది కాదు. ఒకటి రెండు వారాల్లో కాదు, రోజులు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా ముదిరింది. అందుకే ఎప్పుడు మొదలైందో, దేనివల్లో పట్టుకోలేకపోయాను. వరసగా వెనకబడ్డాను. అప్పుడే మా తమ్ముడు ఆ మాట అన్నాడు.

అన్నవాడు ఊరుకోలేదు. మర్నాడు ఫోన్ చేశాడు. వాడి దగ్గర నాదానికి రెట్టింపు బలమున్న వీల్‌బేస్ ఉంది. ఇంకా పెద్దది తెప్పించుకుంటున్నాడట. పాతది నన్ను తీసుకోమన్నాడు. చేతికి తెలియనప్పుడు మోటారన్నా గట్టిగా చెప్పాలి కదా అన్నయ్యా అన్నాడు. చెవుడొచ్చిన ముసలాయన పక్కన రేడియో సౌండు పెంచినట్టు. వచ్చే ఆదివారంలోగా చెప్పమన్నాడు, లేకపోతే కాకినాడలో ఒకాయన అడుగుతున్నాడట.

తీసుకుందామా వద్దా అన్నది చూడడానికి చిన్న విషయం. నాకు కాలేదు. తీసుకుంటే వాడు అన్నది నిజమని ఒప్పుకున్నట్టు. వద్దంటే సగం రేసు మొద్దు చక్రం తిప్పుకుంటూ కూర్చోవాలి. దీన్నీ భరించేవాణ్ణి. నేను ఎవరికీ చెప్పని సంగతి వేరే ఉంది. ఆ నెలలో క్లాసులో రెండుసార్లు సుద్దముక్క నా వేళ్లలోంచి జారి పడింది. పొద్దున్న లేచేసరికి కుడిచేతి వేళ్లు తిమ్మిరిగా ఉండేవి. కాఫీ గ్లాసు పట్టుకుంటే గ్లాసు ఉన్నదని కంటితో చూసి తెలుసుకోవలసి వచ్చేది. మా తమ్ముడు ఎకసెక్కానికి అన్న మాటే నిజమైతే ఏ మోటారూ నాకు పనికిరాదు. నేను తేల్చుకోవలసింది కొత్తది కొనాలా అని కాదు. మొద్దుబారింది అదా, నేనా అని.

మోటారే అని రుజువు చేయాలని ముందు కంపెనీకి రాశాను. మెయిల్ మీద మెయిల్ రాశాను. ప్రియమైన వినియోగదారుడా అని మొదలుపెట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారా, ప్లగ్గు తీసి పెట్టారా అని అడిగేవారు. ఎక్కించాను, తీసి పెట్టాను అని తారీఖులతో సహా రాసేవాణ్ణి. మళ్లీ వేరే మనిషి వచ్చి అవే అడిగేవాడు. ఒకసారి, పరికరం వేడెక్కుతోందా అని అడిగారు. మా వైపు ఏప్రిల్‌లో మనుషులే వేడెక్కుతారని రాశాను. పరికరం చుట్టూ గాలి ఆడుతోందా అని అడిగారు. నాకు కోపం వచ్చింది. గోడకు మూరెడు దూరంలో ఉంది, కిటికీ తీసే ఉంటుంది, నెత్తిన ఫ్యాను తిరుగుతుంది, మీ గదిలో కంటే మా గదిలోనే గాలి ఎక్కువ అని జవాబిచ్చాను. ప్రతి అక్షరమూ నిజం. కవరు సంగతి రాయాలని నాకు తట్టనైనా తట్టలేదు. మీ ఇంట్లో ఎవరెవరున్నారని అడిగితే వాళ్లు కట్టుకున్న బట్టల గురించి చెబుతామా?

ఆ తరవాత చేతుల్ని పరీక్షించాను. ఆ వారం కాలేజీలో ఒకాయన ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెచ్చి తలా కొన్ని పంచారు. ఇంటికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, ఒకదాన్ని మడత మడత చొప్పున విప్పడం మొదలుపెట్టాను. పూతరేకు పొర కన్నా పలచనిది ఈ జిల్లాలో లేదు. పొర చిట్లకుండా విప్పగలిగితే వేళ్లలో స్పర్శ ఉన్నట్టు. రెండు మడతలు బానే వచ్చాయి. మూడోది చిట్లింది. ఇంకొకటి తీశాను. అదీ అలాగే అయింది. చొక్కా నిండా బెల్లంపొడి.

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఎంతసేపు చూసిందో తెలియదు.

"ఏమండీ, అది తినేదండి. ఆపరేషన్ చేసేది కాదు."

"విప్పుతున్నాను. పొర చిట్లిపోతోంది."

"నేను విప్పినా చిట్లుతుంది. చిట్లకపోతే అది పూతరేకేంటి?"

నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదది, ఊరికే అన్నది. అయినా నాకు కొంత ఊరటగా ఉంది. పూర్తిగా కాదు. ఆవిడ వేళ్లను ఎవరూ పదిమందిలో ఏమీ అనలేదు కదా.

శనివారం మా అత్తగారు నరసాపురం బండి దిగి వచ్చారు. వచ్చీ రాగానే మేడెక్కి తన కవరు చూసుకున్నారు. దుమ్ము పట్టి, నా చేతి చెమటకు అంచులు పచ్చబడ్డాయి. "ఇదిగో, ఇలా ఇచ్చేయండి" అని విప్పి తీసుకెళ్లి, సబ్బునీళ్లలో నానేసి, ఆదివారం మధ్యాహ్నం ఉతికి, నీలం రంగు వెలవకుండా డాబా మీద నీడపట్టున ఆరేశారు. ఆవిడ లేసును పిండరు. నీళ్లు దానంతటదే కారిపోవాలి. సాయంత్రానికి కూడా అస్తరు ఆరలేదు.

ఆ సాయంత్రం నేను దాదాపు నిర్ణయించుకునే సీట్లో కూర్చున్నాను. రేసు అవగానే మా తమ్ముడికి తీసుకుంటానని చెప్పేద్దాం, వాడు ఏమనుకుంటే అనుకోనీ అని. అలా తల వంచుకున్న రోజులు నా జీవితంలో ఎన్నో లేవు. ఉన్నవి మాత్రం గుర్తున్నాయి.

రేసు మొదలైంది. ఒక ల్యాపు, రెండు ల్యాపులు, చాలా ల్యాపులు. సగం అయింది. ఇప్పుడు మొద్దుబారుతుంది, ఇప్పుడు మొద్దుబారుతుంది అని ఎదురుచూస్తూ నడిపాను. పంటినొప్పి వచ్చిన చోట నాలుక మాటిమాటికీ వెళ్లినట్టు, ప్రతి మలుపులోనూ మనసు చేతుల మీదికే వెళ్లింది. స్టీరింగు మొద్దుబారలేదు. మలుపులో బరువెక్కింది, బయటికి వస్తుంటే తేలికైంది. ముందు టైరు జారబోతుంటే ముందే చెప్పింది, నేను సరిచేశాను. ట్రాకు అంచు మీదికెక్కితే మోచేతిదాకా గరగరలాడింది. ఎన్నాళ్లకు! ఆఖరి ల్యాపులో నేను ఎన్నో స్థానంలో ఉన్నానో కూడా చూడలేదు.

రేసు అయ్యాక హెడ్‌ఫోన్లు తీసేశాను. కబుర్లకు ఆగలేదు. సీటు దిగి వెనక్కి వెళ్లి మోటారు మీద చెయ్యి వేశాను. గోరువెచ్చగా ఉంది. శీతాకాలం తరవాత దాని ఒళ్లు చూడడం అదే మొదటిసారి. నల్లటి డబ్బా మీద దుక్కి దున్నిన చేలో సాళ్లలాగా వరసగా గాడులున్నాయి. కొన్న రోజు అవి అందం కోసం అనుకున్నాను. గాలి ఆ సాళ్లలోంచి పారి వేడిని తీసుకుపోవాలి. వేడి మితిమీరితే కాలిపోకుండా మోటారే తన బలం తగ్గించుకుంటుంది. ఆ సాళ్ల మీద మేము సాటిన్ అస్తరు కప్పి, కాజాలు కుట్టి, గుండీలు పెట్టాం. చలి ఉన్నన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చింది, ఎండలు ముదిరేకొద్దీ చేతులెత్తేసింది.

అయినా ఒక్క ఆదివారంతో నేను దేన్నీ నమ్మే రకం కాదు. మర్నాడు కాలేజీ నుంచి రాగానే, ఆరిన కవరు మళ్లీ తొడిగి నడిపాను. అరగంటకు స్టీరింగు చచ్చుబడింది. కవరు కింద చెయ్యి పెడితే ఇడ్లీ పాత్ర మూత మీద పెట్టినట్టుంది. కవరు తీసేసి, చల్లబడేదాకా ఆగి, మళ్లీ నడిపాను. ప్రాణం లేచి వచ్చింది. మోటారుకు కాదు, నాకు. నా చేతులు నాకున్నాయి. ఇన్నాళ్లూ వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. చెప్పని మాట వినబడలేదని వాటిని అనుమానించాను.

మెట్ల మీద మా అత్తగారి చప్పుడు వినబడింది. కవరు నా చేతిలో ఉంది. దాన్ని తొడుగుతూ తీస్తూ ఉండడం ఆవిడ కింద నుంచి గమనించారట. కంపెనీవాళ్లకు అంత సులువుగా జవాబులిచ్చినవాణ్ణి, ఆవిడకు ఎలా చెప్పాలో తెలియలేదు. నా వస్తువును మర్యాదగా చూసిన ఒక్క మనిషికి, మీ మర్యాదకే అది ఉడికిపోయిందండీ అని చెప్పాలి. ధైర్యం చేసి చెప్పాను. గాడులు చూపించాను.

ఆవిడ వేలితో ఆ గాడులు తడిమి చూశారు.

"అస్తరు దళసరైంది" అన్నారు. "ఇది ఒళ్లంతా వేడెక్కే వస్తువని కొలతలు తీసుకున్న రోజే చెప్పొద్దూ అల్లుడుగారూ? ఫ్రిజ్జుకి వెనకాల మూస్తామా ఎక్కడన్నా?"

"నాకే తెలియదండీ అత్తయ్యగారూ."

"మీకు తెలియకపోతే సరే. తెలిసీ నా మొహం చూసి ఊరుకున్నారేమోనని."

నేనెవరి మొహం చూసీ ఊరుకునే మనిషిని కాదని ఆవిడకు తెలియదు పాపం. లేక తెలిసే అన్నారేమో. ఆవిడ మాటల్లో ఎత్తిపొడుపు ఎక్కడుందో ఇరవయ్యేళ్లుగా వెతుకుతున్నాను, దొరకలేదు. అస్తరు విప్పేసి వట్టి లేసు ఉంచమంటారా అని అడిగారు. ఆడనప్పుడు కప్పుకుంటానని, ఆడేటప్పుడు తీసేస్తానని చెప్పాను. ఆ షరతు ఆవిడకు నచ్చింది.

కంపెనీకి కూడా రాశాను. గాలి ఆడుతోందా అని అడిగితే సరిపోదు, మా ప్రాంతంలో కవర్లుంటాయి, కవరు తొడగకూడదని మోటారుతో ఇచ్చే పుస్తకంలో స్పష్టంగా వేయాలి అని. పుస్తకంలో ఉందని జవాబు వచ్చింది. తీసి చూశాను. నిజమే, ఒక బొమ్మ ఉంది, దాని మీద అడ్డగీత ఉంది. ఆ బొమ్మలో మోటారు మీద ఉన్నది తువ్వాలు. తువ్వాలు ఎవరు కప్పుతారు? ఆ మాటే రాశాను. దానికి ఇంకా జవాబు రాలేదు.

చేతుల సంగతి మోటారు ఒక్కదాని మాట మీద వదిలేయలేదు. డాక్టరుగారికి చూపించాను. నరాలు బానే ఉన్నాయన్నారు. ఏదన్నా గంటలకొద్దీ గట్టిగా పట్టుకుంటున్నారా అని అడిగారు. ఏం పట్టుకుంటున్నానో చెబితే ఆయన నవ్వలేదు. అందుకాయన్ని గుర్తుంచుకున్నాను. పట్టు సడలించాక తిమ్మిరి కొద్ది రోజుల్లోనే తగ్గింది. సుద్దముక్కలది మాత్రం ఎండాకాలపు చెమట అయ్యుండాలి.

వాడి గడువు ఒక రోజు దాటినా, ఆ సోమవారం రాత్రే మా తమ్ముడికి ఫోన్ చేశాను. కాకినాడాయనకు ఇచ్చేయమన్నాను. ఎందుకన్నాడు. ఉన్నదానిలోనే కావలసినంత బలముందని చెప్పి, కవరు సంగతి దాచకుండా చెప్పాను. వాడు నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. ఆ నవ్వు మాత్రం నేను లెక్కలో వేసుకోలేదు, ఎందుకంటే నాకూ వచ్చింది.

"అయితే అన్నయ్యా, ఈ ఆదివారం నుంచి నీకు సాకు లేదన్నమాట."

"నీకూ లేదు" అన్నాను. "చేతుల్లో పస గురించి ఇంకెవరి దగ్గరన్నా మాట్లాడు."

"సరే బాబూ, ఒప్పుకున్నాను."

నలుగురిలో అన్న మాటను ఫోన్లో వెనక్కి తీసుకున్నాడు. ఆ తేడా నేను గమనించకపోలేదు. కానీ ఆ పూటకు అది చాలనిపించింది.

తరవాతి ఆదివారం ఇరవైమందిలో పదకొండో స్థానంలో వచ్చాను. మధ్యలో ఒక మలుపు దగ్గర తొందరపడి కారును గిర్రున తిప్పేశాను, లేకపోతే ఇంకా ముందుండేవాణ్ణి. టైరు జారుతోందని స్టీరింగు చెప్పింది. చేతులకు తెలిసింది. తెలిసీ నేనే వినలేదు. మొహమాటం లేకుండా చెప్పాలంటే, నాకు హాయిగా ఉంది. దిగి కిందికి వచ్చి కాఫీ అడిగాను. మా ఆవిడ పొంగుతున్నది అలాగే వంచి ఇచ్చింది. గ్లాసు పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. అమ్మయ్య అనుకుని, చేతిగుడ్డ అడక్కుండా, అలాగే పట్టుకుని తాగాను.